నీటిపై గిరికీకి నేలపై సాధన

గత వేసవి సెలవులకు ముందు మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన యన్నగారి ఫోనులో నొక చిత్రమును తోడివారికి జూపెను. అందు మోటారు పడవ వెంట పలకపై నిలిచి పోవుచున్న యువకుడొకడు, పడవ లేపిన యలమీదినుండి యెగిరి, గాలిలో నొక పూర్తి గిరికీ కొట్టి, మరల నీటిపై నిలిచెను. నాలుగు దినములైన పిమ్మట ఆ బాలురలో నిద్దరు చెరువుగట్టు మెట్లపైనుండి యట్టి గిరికీనే ప్రయత్నించిరి. ఒకనికేమియు కాలేదు. రెండవవాడు పై మెట్టునుండి క్రింది మెట్టుపై బడి, భుజము కీలు తప్పి, ఆఱు వారములు చేయి మెడకు కట్టుకొని తిరిగెను. వాని తల్లి నన్ను జూచి, “ఆ బొమ్మలో అబ్బాయి పడలేదు గదండీ మేష్టారూ, మావాడెందుకు పడ్డాడు?” అని యడిగెను. అప్పుడు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. తరువాత విచారించి తెలిసికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆ క్రీడకు వేక్‌బోర్డింగు అని పేరు. పడవ నీటిని చీల్చుకొని పోవునపుడు దాని వెనుక ఇరుప్రక్కలకు విచ్చుకొను అలకే వేక్ అందురు. 1985లో అమెరికాలో టోనీ ఫిన్ అనునతడు స్కర్ఫర్ అను పలకను అమ్మకమునకు తెచ్చుటతో ఈ క్రీడకు నాంది కలిగెను. ఫ్లోరిడా రాష్ట్రమునందలి ఓర్లాండో పరిసరముల సరస్సులు దీనికి ప్రసిద్ధి కెక్కినవి. ఆటగాడు రెండు పాదములను పలకకు బిగించిన జోళ్లలో నుంచి, పడవకు ప్రక్కవాటుగా నిలిచి, సుమారు 70 అడుగుల త్రాటి కొననున్న పిడిని పట్టుకొనును. పడవ గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగముతో పోవును. గిరికీలను డిగ్రీలలో లెక్కింతురు. సగము తిరిగిన 180, పూర్తిగా తిరిగిన 360. 1999లో పార్క్స్ బోనిఫే అనునతడు 1080, అనగా మూడు పూర్తి చుట్లు, తిరిగి నిలిచెను.

ఇప్పుడు పై తరగతుల విద్యార్థులు పలకయు బలపమును తీసికొందురు గాక. ఒకడు అలపైనుండి 4 అడుగుల యెత్తు ఎగిరెననుకొందము. పైకి పోవుటకు అర సెకండు, క్రిందికి వచ్చుటకు అర సెకండు, వెరసి ఒక్క సెకండు. ఈ ఒక్క సెకండులో శరీరము చుట్టును తిరుగవలెను, పిడి వీపు వెనుకగా ఒక చేతినుండి మఱియొక చేతికి మారవలెను, కన్నులు దిగు తావును వెదకవలెను. ఆలోచించుటకు వ్యవధి యెక్కడిది? కావుననే చేతులు చేయవలసిన పనిని చేతులకు ముందుగా నేలమీదనే నేర్పుదురు.

అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. గిరికీ గాలిలో పుట్టదు. పలక అంచుతో నీటిని కోయుచు అలమీది కెక్కునపుడు, పాదములకు ఇంకను ఆనిక యుండగానే, ఆ తిరుగుడు ఆరంభము కావలెను. గాలిలోనికి పోయిన తరువాత నెట్టుటకు ఏమి యున్నది? పిల్లి మాట వేఱు. అది నడుము వంచి తిరుగగలదు, మనకు అంత నేర్పు లేదు. అయితే పుట్టిన గిరికీని గాలిలో త్వరపఱచవచ్చును. మా సైన్సు గదిలోని తిరుగుడు పీటపై నొక బాలుని కూర్చుండబెట్టి, రెండు చేతులలో రెండు లావు పుస్తకములిచ్చి, చేతులు చాపించి మెల్లగా త్రిప్పుడు. వాడు చేతులను రొమ్మునకు చేర్చుకొనగానే పీట వేగముగా తిరుగును. నీటిపైని ఆటగాడు పిడిని తుంటి యొద్దకు చేర్చుకొనుటకు ఇదియొక కారణము. రెండవ కారణము త్రాడు. చేయి చాచియున్నచో పడవ భుజమును ముందుకు లాగి, గిరికీని చెఱచి, మనిషిని బోర్ల పడవేయును.

ఇక సాధన. త్రాటిని ఒక చెట్టుకు నడుమెత్తున గట్టిగా కట్టి, కొనకు జానెడున్నర కఱ్ఱ పిడిని ముడివేయవలెను. ఎడమ ప్రక్క చెట్టువైపునకు ఉండునట్లు నిలిచి, మోకాళ్లు కొంచెము వంచి, త్రాడు బిగియునంతగా వెనుకకు వ్రాలవలెను. పిడిని ఎడమ తుంటికి చేర్చి, కుడిచేతిని విడువవలెను. వీపు చెట్టువైపునకు వచ్చునట్లు కుడివైపు తిరుగుచు, విడిచిన కుడిచేతిని నడుము వెనుకకు తెచ్చి పిడిని అందుకొని, పిమ్మటనే ఎడమచేతిని విడువవలెను. మిగిలిన చుట్టును పూర్తిచేసి మొదటివలె నిలువవలెను. మొదట నడచుచు, తరువాత చిన్న గెంతుతో సగము చుట్టు, పిమ్మట పూర్తి చుట్టు. తల పైకెత్తియుండవలెను; నేలను చూచినవాడు నేలకే పోవును. వ్రాయుటకు ఇది సులభము. మా ఆవరణములోని వేపచెట్టుకు త్రాడు కట్టి నేనే ప్రయత్నింపగా, మొదటి దినమున పిడి పదునొకండు సారులు చేజారెను. డ్రిల్లు మాస్టరుగారు నవ్వి, తాము నాలుగు సారులు మాత్రమే జారవిడిచిరి.

బలము విషయము. పిడి ఒక్క చేతిలో నుండు క్షణమున పడవ లాగుడంతయు ఆ చేతిపైననే పడును. అందుచేత కడ్డీని పట్టి వ్రేలాడుట, గడ్డము కడ్డీకి అందునట్లు పైకి లేచుట మిక్కిలి ఉపయోగకరములు. దండీలును మేలే. కాని కండలవలన గిరికీ వచ్చునని భ్రమపడరాదు. బలిష్ఠులే అలపై కెక్కకముందు భుజములను విసరి తఱచుగా పడుదురట, నమ్మదగిన మాటయే.

కాళ్లకు బస్కీలు. ఇచ్చట మరల లెక్క కలదు. 4 అడుగుల యెత్తునుండి దిగువాడు మోకాళ్లు వంచి ఒక అడుగు దూరములో ఆగినచో, కాళ్లపై సగటున తన బరువునకు 5 రెట్లు పడును. కాళ్లు బిగించి 3 అంగుళములలో ఆగినచో 17 రెట్లు. నీరు కొంత లొంగును, అల వాలు కొంత ఆదుకొనును గాన నీటిపై ఇంత పడదు. చెరువు మెట్లు మాత్రము లొంగవు. నీటిపైనను పాదములు పలకకు బిగిసియుండుటచే మోకాటిలోని బంధనములు తెగిన ఆటగాండ్రు కలరు. కావున తేల్చు చొక్కాయు శిరస్త్రాణమును విడువరాదు.

అమెరికాలో త్రాటి సాధన తరువాత ట్రాంపొలీనుపై గెంతుదురు. దీనిని 1930వ దశకములో అయోవా రాష్ట్రమున జార్జి నిస్సెన్, లారీ గ్రిస్వోల్డ్ అను వారు తయారుచేసిరి. మనకది లేదు, ఒక్క సాధన కొఱకు కొనవలసిన పనియు లేదు.

ఆ బాలుని తల్లికి ఇప్పుడు చెప్పగల సమాధానమిది: ఆ చిత్రములోని యువకుడు నేలపై చేసిన పని ఫోనులో కనబడలేదు, మీ వాడు పాదములు మెట్టును విడిచిన తరువాత తిరుగబోయి, చేయి చాచి పడెను. కట్టు విప్పిన నెలకు వైద్యుని యనుమతితో వాడు సాయంకాలములందు వేపచెట్టు క్రిందికి వచ్చుచున్నాడు. పిడిని వీపు వెనుక తడబడక మార్చుచున్నాడు. గెంతుటకు మాత్రము వైద్యుడింకను ఒప్పుకొనలేదు, అంతవఱకు నడచుచునే.