పనికి పోవు దారి

నర్సీపట్నం రోడ్డు అను స్టేషను పేరును నమ్మి రైలు దిగినవారికి నర్సీపట్నము కానరాదు. ఊరు అక్కడికి చాలా దూరము. ఈ ప్రాంతమున కూలివారు పనికి పోవుట యనగా రోడ్డున పోవుటయే.

ఆ రోడ్లలో ముఖ్యమైనది లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు ఘాట్ రోడ్డు. దానిని వేసినవారు మన్యపు కూలీలే. గూడెములోని రెవెన్యూ అధికారి బాస్టియన్ వారిచే చాలీచాలని కూలికి బలవంతముగా పని చేయించెను. 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటునకు ఇదియొక కారణము.

శీతకాలమున చింతపల్లి వైపు అటవీ అభివృద్ధి సంస్థ తోటలలో కాఫీ పండ్ల కోత. దిగువన నాట్లు, చెరకు నరకుడు. రైతు మేస్త్రీకి కబురు పెట్టును. మేస్త్రీ తెల్లవారకమునుపే ఆటోనో, ట్రాక్టరు ట్రక్కునో పిలుచును. కిరాయిని తలకింతయని పంచుకొనునపుడు, తలలు పెరిగినకొలది వాటా తగ్గును. బండ్లు క్రిక్కిరియుటకు మూలమిదియే గాని కూలివారి అవివేకము కాదు. 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము మొదలైనది, మంచిదే. కాని బస్సు పెద్ద రోడ్డున ఆగును, పొలము గట్టున ఆగదు.

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేనుమంది మరణించిరి. ట్రక్కు సరుకు బండి. సరుకు బండిలో ఊరక ఎక్కినవారికి బీమా సంస్థ పరిహారమీయనక్కరలేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో 2002 డిసెంబరున తీర్పు చెప్పినది. బండి యజమాని వద్ద పనిచేయువారికి మాత్రము చట్టము కొంత రక్షణ నిచ్చినది. మేస్త్రీ పిలువగా వచ్చిన కూలి ఎవరి పనిమనిషి?

ఇటీవల ఈ ప్రశ్నకు బలము హెచ్చినది. మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారొకడు డ్యూటీకి పోవుచు మరణించిన కేసులో, పనితో సంబంధము రుజువైనచో ఇంటినుండి పనికి పోవు దారిలోని ప్రమాదమును పనిలోని ప్రమాదమేయని 2025 జూలై 29న సుప్రీంకోర్టు నిర్ణయించినది. అదే సంవత్సరము నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడు కూడ ఇట్లే చెప్పుచున్నది. అయితే రుజువు కావలెను. మస్టరులో పేరున్న కూలికి అది సులభము. నోటిమాటపై వచ్చినవారికి కష్టము.

కావున కూలీలను పిలుచు గృహస్థులు పరిమితికి లోబడిన ప్రయాణీకుల బండినే, రెండు ట్రిప్పులైనను, మాట్లాడవలెను. తేదీ, పొలము, వచ్చినవారి పేర్లు ఒక కాగితముపై వ్రాసి సంతకము చేయవలెను. దాని నకలు మేస్త్రీ జేబులో గాక కూలివారి యింట ఉండవలెను.