పిల్లల నోట ప్రార్థన, పెద్దల నడతలో విశ్వాసం

గుంటూరు దగ్గర ఒక కాన్వెంటు బడిలో తెలుగు చెబుతాను. కతోలిక పిల్లలకు సత్యోపదేశం తరగతి కూడా నాదే. మా బడిలో కతోలికులు కొద్దిమందే. హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు, వేరే సంఘాల క్రైస్తవుల పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. ఇలాంటి చోట విశ్వాసం పెంచడం ఎలాగని కొత్తగా చేరిన టీచర్లు అడుగుతుంటారు. జపాలు అప్పజెప్పించుకుంటే చాలదనీ, మనం ప్రార్థించడం పిల్లలు కళ్లారా చూడాలనీ చెబుతాను.

అక్టోబరు జపమాల మాసం. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఇష్టమైనవాళ్లం మరియమాత గుహ దగ్గర చేరతాం. జపమాలలో అయిదు పదులుంటాయి. ఒక్కో పదిలో ముందు పరలోక జపం, తర్వాత పది మంగళవార్త జపాలు. ఒక్కో పదికి యేసు జీవితంలోనిదో, ఆయన తల్లి జీవితంలోనిదో ఒక ఘట్టాన్ని ధ్యానిస్తాం. ఈ ఘట్టాలనే దేవరహస్యాలంటారు. సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలకు 2002లో రెండవ జాన్ పాల్ పోప్ వెలుగు దేవరహస్యాలను చేర్చారు. మేము మాత్రం రోజుకు ఒక్క పదే చెబుతాం. గబగబా అయిదు పదులు ముగించడం కన్నా నిదానంగా చెప్పిన ఒక్క పది పిల్లలకు పట్టుబడుతుంది.

మొదలుపెట్టే ముందు, ఎవరి కోసమో ఒక బిడ్డ చెప్పాలి. ఓసారి ఆరో తరగతి పిల్ల, "మా నాన్న కువైట్‌లో ఉన్నాడు టీచర్, ఒంట్లో బాగాలేదంట" అంది. ఆ పూట అందరం ఆయన కోసమే జపించాం. మర్నాడు బడి గేటు దగ్గరే ఇద్దరు స్నేహితురాళ్లు ఆ పిల్లను ఆపి, "మీ నాన్న ఫోన్ చేశాడా?" అని అడిగారు. వాళ్లలో ఒకమ్మాయి కతోలికురాలు కాదు. ఎదుటివాళ్ల బాధను తమదిగా మోయడం ఆ పిల్లలకు నేను పాఠంగా చెప్పింది కాదు. కలిసి ప్రార్థించడం వల్ల అబ్బింది.

ఇది కొత్త దారేమీ కాదు. పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో పేద పిల్లలకు బడులు పెట్టిన పునీత జాన్ బాప్టిస్ట్ ద లాసాల్, చదువు మధ్యలో కాసేపు ఆగి దేవుని సన్నిధిని తలచుకోవడం అలవాటు చేశారు. టూరిన్‌లో డాన్ బోస్కో తన దగ్గరున్న పిల్లలకు రాత్రి పడుకునే ముందు నాలుగు మంచి మాటలు చెప్పేవారు. పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మపరిశీలనను నేను చివరి పీరియడ్‌లో రెండు నిమిషాలు చేయిస్తాను. ఈరోజు దేనికి కృతజ్ఞత చెప్పాలి? ఎవరిని నొప్పించాను? రేపు ఏం సరిదిద్దుకోవాలి? నోటితో ఎవరూ చెప్పనక్కర్లేదు, కళ్లు మూసుకుంటే చాలు.

ఇందులో బలవంతం ఉండకూడదు. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలు నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, ఎవరినీ మతబోధకూ ఆరాధనకూ హాజరు కమ్మనకూడదని 28వ అధికరణం చెబుతుంది. విశ్వాసం స్వేచ్ఛగా ఇవ్వాల్సిన జవాబని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే ప్రకటించింది. అందుకే గుహ దగ్గరికి రాని పిల్లలు ఆటస్థలంలో హాయిగా ఆడుకుంటారు. రమ్మని ఎవరం పిలవం, రాలేదేమని అడగం. తనంతట తాను వచ్చిన బిడ్డే మనసు పెట్టి జపిస్తుంది.

తపస్సు కాలంలో శుక్రవారాలు సిలువ మార్గం చేస్తాం. పిల్లలు చిరుతిళ్లు మానుకుని మిగిల్చిన రూపాయలు డబ్బాలో వేస్తారు. ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలో వాళ్లే కూర్చుని మాట్లాడుకుంటారు. ప్రార్థన చేతికి పని చెప్పకపోతే అది సగమే.

తల్లిదండ్రులే బిడ్డలకు తొలి గురువులని రెండవ వాటికన్ మహాసభే చెప్పింది. బడి ఎంత చేసినా ఇంటి తోడు లేకుండా నిలవదు. అమ్మానాన్నలకు నేను చెప్పేది చిన్న మాటే. రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి, పిల్లల పక్కన కూర్చుని ఒక్క పది జపమాల చెప్పండి. ఎవరి కోసమో మీ బిడ్డనే అడగండి. ఏ పేరు చెప్పినా సరే, ఆ పేరుతోనే మొదలుపెట్టండి.