సివిల్ యూనియన్, సహజీవనము, సంఘ వివాహము: కాపరి ఎరుగవలసిన భేదము

“అయ్యగారూ, ఇద్దరు ఆడపిల్లల పెండ్లికి హైకోర్టు ఒప్పుకొన్నదట. రేపు మనలను కూడ చేయమంటారా?” అని మా పాయకరావుపేట సంఘ పెద్ద ఒకరు అడిగారు. కోర్టు అట్లు చెప్పలేదు. ఏమి చెప్పినదో కాపరులమైన మనము సరిగా తెలిసికొనుట అవసరము.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విచారించినది హెబియస్ కార్పస్ పిటిషన్. విజయవాడలో తనతో కలిసి నివసించిన యువతిని ఆమె తండ్రి నర్సీపట్నంలోని తన ఇంట నిర్బంధించాడని మరొక యువతి కోర్టుకు వచ్చినది. నిర్బంధములోనున్న యువతి మేజరు గనుక తన ఇష్టప్రకారము జీవించవచ్చునని, తల్లిదండ్రులు జోక్యము చేసికొనరాదని ధర్మాసనము ఆదేశించినది. తల్లిదండ్రులపై తాను పెట్టిన ఫిర్యాదును వాపసు తీసికొనుటకు ఆ కుమార్తె సిద్ధపడినది. (ఈ మాట మనవారు ఎవరును చెప్పుకొనరు.) ఇది వ్యక్తి స్వేచ్ఛకు రక్షణయే గాని బంధమునకు గుర్తింపు కాదు.

గుర్తింపు వేరు. వివాహమను పేరు లేకుండ ఇద్దరి బంధమును ప్రభుత్వము నమోదు చేసి, వారసత్వము మొదలైన హక్కులనిచ్చు ఏర్పాటును సివిల్ యూనియన్ అంటారు. ఇటువంటి చట్టమును మొదట 1989లో డెన్మార్కు తెచ్చినది. మన దేశములో అది లేదు. హైదరాబాదుకు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మొదలైనవారి పిటిషన్లపై 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రాజ్యాంగములో వివాహము ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులును ఏకీభవించారు. సివిల్ యూనియన్ దగ్గర చీలిపోయారు. అట్టి హక్కు కలదని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు; జస్టిస్ భట్, జస్టిస్ కోహ్లీ, జస్టిస్ నరసింహ కాదన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లును కొట్టివేయబడినవి.

ఇక మన లైసెన్సు సంగతి. మనము వివాహములు జరిపించునది 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము క్రింద. పై తీర్పులలో ఏదియు దానిని మార్చలేదు. ఇంగ్లండు 2004లో సివిల్ పార్ట్‌నర్‌షిప్ చట్టము చేసినప్పుడు, రిజిస్ట్రారు నమోదు చేయుచుండగా మతారాధన జరుపరాదని అందులోనే వ్రాసికొన్నది.

వివాహము స్త్రీపురుషుల నిబంధన అని (ఆది. 2:24, మత్త. 19:4-6) నేను బోధించుచున్నాను. కాని ఆ బోధ తలుపుకు తాళము వేయు అధికారమును ఎవరికిని ఇయ్యదు. “మారువరకు మీ ప్రార్థన మందిరములో ఉంచండి” అని ఏ తండ్రియైన ఏడ్చుచు కుమార్తెను తెచ్చినచో, ఆమె మేజరైయుండి ఇష్టపడనియెడల, ఉంచుట భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షను క్రింద నేరము. లూకా 15లోని తండ్రి కుమారుని వెళ్లనిచ్చెను, తాళము వేయలేదు.

మా పెద్దగారు మరల అడిగారు: “అట్టి పిల్ల ఆదివారము ఆరాధనకు వస్తే?” రానివ్వండి అన్నాను. ప్రభువు బల్ల విషయము మా సంఘ కమిటీలో ఇంకను తేలలేదు.