‘తిన్న బేటా’ అంటారు.. ఏం తిన్నారో, ఎవరితో తిన్నారో అడిగామా?

రియాద్ నుంచో, ముంబై నుంచో, టోలిచౌకి నుంచో కొడుకు రాత్రి ఫోన్ చేస్తాడు. మొదటి మాట "అమ్మీ, తిన్నవా?" అవతల నుంచి "తిన్న బేటా, నువ్వు తిన్నవా?" ముచ్చట అక్కడితో అయిపోతుంది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వలస మనకు కొత్త కాదు. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు తాతల కాలం నుంచే ఉంది. వెళ్లినవాళ్లు పైసలు పంపుతారు, ఫోన్లు చేస్తారు. కానీ ఆ "తిన్న" అన్న మాట వెనుక చాలా ఇళ్లలో ఉండేది ఒక గ్లాసు చాయ్, రెండు టోస్టులు.

వృద్ధులకు వైద్యం చేసే విదేశీ డాక్టర్లు దీనికి ఒక పేరే పెట్టుకున్నారు. ‘టీ అండ్ టోస్ట్’ తిండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్లు వంట మానేసి టీ, బ్రెడ్డుతో రోజులు గడిపేస్తారు. ఒంట్లో ప్రోటీన్లు, లవణాలు తగ్గుతాయి. సోడియం పడిపోతుంది. నీరసం, తికమక మాటలు, నడుస్తూ తూలి పడటం మొదలవుతాయి. ఇంట్లోవాళ్లేమో "వయసైంది కదా, మతి తప్పింది" అనుకుంటారు.

వయసుతో ఆకలి తగ్గే మాట నిజమే. నాలుకకు రుచి తగ్గుతుంది, దాహం కూడా సరిగా తెలియదు. అయితే "ఆకలైతలేదు" అన్న ప్రతిసారీ కడుపు మాట అనుకోవద్దు. పండ్లు ఊడిపోయి నమలలేకపోవచ్చు. మళ్లీ పొయ్యి వెలిగించమని కోడలికి చెప్పడం ఇష్టం లేకపోవచ్చు. రాత్రిపూట బయట బాత్రూమ్‌కు పోవాలన్న భయంతో నీళ్లు, చారు మానేసి ఉండొచ్చు. ఇవేవీ పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పరు. ఆకలి లేదనడం సులువు, ఎవరినీ నొప్పించదు.

దస్తర్‌ఖాన్ దూరమైతే

మన ఇళ్లలో దస్తర్‌ఖాన్ నేల మీదే పరుస్తాం. అందరూ చుట్టూ కూర్చుంటారు, పెద్దవాళ్లు ముందు చెయ్యి పెడతారు. మంచి పద్ధతి. కానీ మోకాళ్లు పోయాక దాదీ కింద కూర్చోలేదు. అప్పుడేమవుతుంది? ప్లేట్లో అన్నం, కూర పెట్టి ఆమె మంచం దగ్గరికి పంపిస్తాం. మర్యాదగానే పంపిస్తాం. కానీ ఆ రోజు నుంచి ఆమె ఒంటరిగా తింటుంది. రెండో వడ్డన అడగదు. కూర కారంగా ఉన్నా చెప్పదు. చల్లారిన అన్నం సగం తిని ప్లేటు పక్కన పెడుతుంది.

నల్లగొండ జిల్లాలో ఇది ఇంకా ఎక్కువ. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన తరానికి ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయాయి, నడుములు వంగిపోయాయి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కొత్తగా జబ్బు పడేవాళ్లు తగ్గొచ్చు గానీ, వంగిన నడుము తిరిగి నిలబడదు. అలాంటి మనిషి కింద కూర్చొని తినలేదు, పొయ్యి ముందు నిలబడి వండుకోలేదు.

దీనికి మందు చాలా చవక. దస్తర్‌ఖాన్‌ను తఖ్త్ మీదికి ఎక్కించడమే. లేదా దాదీని కుర్చీలో కూర్చోబెట్టి, ముందు ఒక చిన్న బల్ల వేసి, మిగతావాళ్లు ఆమె చుట్టూ కూర్చోవడం. పది మందితో కూర్చుంటే మనిషి ఇంకో ముద్ద ఎక్కువ తింటాడు. ఇది ఏ వయసులోనైనా అంతే. రోజూ చాయ్ మీద బతికే పెద్దవాళ్లు రంజాన్‌లో ఇఫ్తార్ వేళ, వలీమాలో, జాన్‌పహాడ్ దర్గా కందూరులో కడుపునిండా తినడం మనం చూస్తూనే ఉంటాం. వంట ఒక్కటే కాదు, పక్కన మనుషులు ఉండటం కూడా కారణం.

లెక్క వేస్తే

నేను చదివింది కామర్స్. అందుకే ఒక ఇంటి లెక్క వేసి చూశాను. రేషన్ షాపుల్లో సన్నబియ్యం పంపిణీ 2025 మార్చి 30న ఉమ్మడి నల్లగొండలోని హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు. అంటే రోజుకు 200 గ్రాములు. అందులో సుమారు 700 కేలరీలు, 16 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోల మనిషికి దాదాపు 42 గ్రాములు. ముసలివాళ్లకు ఇంకొంచెం ఎక్కువే కావాలనే నిపుణులు కూడా ఉన్నారు.

బియ్యం పోను 26 గ్రాములు తక్కువ పడుతోంది. ఒక గుడ్డు, రెండు పూటలకూ కలిపి 60 గ్రాముల కందిపప్పు, ఒక గ్లాసు పాలు ఉంటే ఆ లోటు పూడుతుంది. పెద్ద ఖర్చేమీ కాదు. కానీ ఆ పైసలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ప్రశ్న. ఆసరా పింఛన్లు 2014 నవంబర్ 8న మొదలైంది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో. అప్పుడు నెలకు 1,000 రూపాయలు. 2019లో 2,016 అయింది. రోజుకు 67 రూపాయలు. అందులోంచి బీపీ, షుగర్ గోలీలు, ఆటో కిరాయి పోతాయి. మనవడు చిప్స్ ప్యాకెట్ అడిగితే నానీ కాదనదు. ఆఖరికి మిగిలేది చాయ్ పత్తీకి, చక్కెరకు. పింఛను వస్తోంది కదా అని కొడుకులు పంపడం తగ్గించిన ఇళ్లు కూడా ఉన్నాయి.

ఈ ప్రాంతం పెద్దవాళ్లు అసలు జొన్న మీద పెరిగిన మనుషులు. నాగార్జునసాగర్ కాలువ పారే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వేరు. దేవరకొండ, మునుగోడు, పాలమూరు మెట్ట ఊళ్లలో జొన్నరొట్టె, గట్కనే రోజువారీ తిండి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం ఇచ్చాక పేదింటి పొయ్యి మీదికి వరి బియ్యం ఎక్కింది, పొలంలోకి పత్తి వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె, డోకూరు గ్రామాల్లో ఇక్రిశాట్ వాళ్లు 1975 నుంచి రైతు ఇళ్ల వివరాలు రాసుకుంటూ వచ్చారు. ఔరేపల్లెలో జొన్న పోయి పత్తి రావడం, డోకూరు జనం వలస పట్టడం ఆ లెక్కల్లో ఉన్నాయి. ఇప్పుడు షుగర్ వచ్చిందని డాక్టర్ జొన్నరొట్టె తినమంటే, కొట్టిచ్చే చేతులు ఇంట్లో లేవు. రొట్టె గట్టిగా ఉంటే నమల పండ్లూ లేవు. వేడి రొట్టెను పప్పులోనో పాలలోనో నానబెట్టి ఇవ్వొచ్చు. గట్క, రాగి జావ, పప్పు ఎక్కువ వేసిన ఖిచిడీ, మెత్తగా ఉడికించి మెదిపిన ఖీమా లాంటివైతే నమిలే పని తక్కువ.

షుగర్ పేరుతో అన్నీ మానేయించడం ఇంకో తప్పు. ‘అన్నం వద్దు, పండ్లు వద్దు, గోష్ వద్దు’ అంటూ పోతే ఆ ముసలి మనిషికి మిగిలేదేమిటి? చప్పటి చాయ్. మెట్‌ఫార్మిన్ గోలీలు ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. కాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు దాని గుర్తులు కావొచ్చు. ఆ విటమిన్ గుడ్లు, పాలు, మాంసం, చేపల్లోనే ఉంటుంది. చాయ్ మానమని అనను, అది జరిగే పని కాదు. భోజనానికి ఒక గంట అటూ ఇటూ జరపండి చాలు. తిండితోపాటే తాగితే అందులోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

చేతి గాజులు వదులైతే, షేర్వానీ భుజాల మీద వేలాడితే గమనించండి. ఆరు నెలల్లో 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే అది ముసలితనం కాదు, డాక్టర్‌కు చూపించాల్సిన విషయం. ఫోన్లో కూడా "తిన్నవా" అని కాకుండా "ఇవాళ కూర ఏంది? పక్కన ఎవరున్నరు?" అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది.

రోజా విషయంలో పెద్దవాళ్లు మొండికేస్తారు. ముసలితనం వల్లనో, నయం కాని జబ్బు వల్లనో ఉండలేనివాళ్లకు ఫిద్యా ఉంది. ఒక్కో రోజాకు ఒక పేద మనిషికి భోజనం పెట్టాలి. ఈ మాట ఇంట్లో కొడుకు చెబితే వినరు, మసీదు ఇమామ్ సాబ్‌తో చెప్పించండి. ఇంకో సంగతి. అమ్మానాన్నల ఖర్చుకు జకాత్ పైసలు ఇస్తే చెల్లదు. వాళ్ల తిండి, బట్ట పిల్లల మీదున్న బాధ్యత. జకాత్ లెక్కలో కలిపేది కాదు.

దేశ చట్టం కూడా అదే అంటోంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో ‘పోషణ’ అంటే తిండి, బట్ట, ఇల్లు, వైద్యం. కొడుకులే కాదు, కూతుళ్లు, పెద్దయిన మనవళ్లు, మనవరాళ్లు కూడా దీని కిందికి వస్తారు. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వకీల్ అక్కర్లేదు. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ఆఫీసు దాకా పోలేనివాళ్లు 14567 ఎల్డర్ లైన్‌కు ఫోన్ చేయొచ్చు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, కాల్ ఉచితం.