బురద నుంచి కొండ

జంగారెడ్డిగూడెం నుంచి కొయ్యలగూడెం మీదుగా పోలవరం వెళితే గోదావరి ఒడ్డున తూర్పు కనుమలు కనిపిస్తాయి. ఈ కనుమల్లో విరివిగా దొరికే రాయి ఖొండలైటు. ఒక ముక్కను ఎండలో తిప్పి చూడండి. తుప్పురంగు రాతిలో దానిమ్మగింజల వంటి ఎర్రని గార్నెట్ స్ఫటికాలుంటాయి. నల్లగా వేలికి అంటుకునేది గ్రాఫైటు, మీ పెన్సిల్లో ఉన్నదే. ఒడిశా కొండల్లోని ఖోండుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాతికి ఆ పేరు పెట్టారు.

ఇంత గట్టి రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి అంటే నమ్ముతారా? కొల్లేటి అడుగున ఉన్న మట్టి వంటిదే! భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంది. రెండు పలకలు ఢీకొన్నప్పుడు మధ్యనున్న మట్టి నలిగి, ఎన్నో కిలోమీటర్ల లోతుకు దిగిపోతుంది. అక్కడ ఇటుక బట్టీలో పచ్చి ఇటుక మారినట్టు, పూర్తిగా కరగకుండానే కొత్త ఖనిజాలుగా మారుతుంది. అదే రూపాంతర శిల.

ఎంత వేడెక్కిందో మనకెలా తెలుస్తుంది? జ్వరం చూసే పాదరసం థర్మామీటరును నోట్లోంచి తీసినా, విదిలించేదాకా పాదరసం దిగదు కదా! ఖనిజాలూ చాలావరకు అంతే. ఆండలూసైటు, కయనైటు, సిల్లిమనైటు అనే మూడింటిలోనూ ఉన్నవి అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్లే, అవీ ఒకే పాళ్లలో. ఒత్తిడి తక్కువైతే మొదటిది, ఎక్కువైతే రెండవది, వేడి బాగా పెరిగితే మూడవది ఏర్పడుతుంది. ఖొండలైటులో ఉన్నది సిల్లిమనైటు. గార్నెట్లోని ఇనుము, మెగ్నీషియం పాళ్లను పక్క ఖనిజంలోని పాళ్లతో పోల్చి ఉష్ణోగ్రత లెక్క కడతారు. పాడేరు ప్రాంతంలో సఫిరిన్ అనే ఖనిజం క్వార్ట్జును ఆనుకుని దొరికింది. ఆ జంట 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి గుర్తు. అంత వేడి ఎలా వచ్చిందో ఇంకా వాదాలు నడుస్తున్నాయి.

ఇక వయస్సు. జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం నెమ్మదిగా సీసంగా మారుతుంది. దాన్ని కొలిస్తే విశాఖ, పాడేరు వైపు రాళ్లు సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం రూపాంతరం చెందినట్టు తేలింది. విజయవాడ పక్కనున్న కొండపల్లి రాళ్లది సుమారు 160 కోట్లు! పటంలో ఒకే వరుసగా గీసే కొండలు ఒకేసారి పుట్టలేదన్నమాట. పాఠం చెప్పేటప్పుడు నేనూ ఒకే గీత గీస్తాను, ఏం చేస్తాం!

విశాఖ వైపు రాళ్ల వయస్సుకు దగ్గరి వయస్సున్న రాళ్లు అంటార్కిటికాలో మాసన్ తీరాన ఉన్నాయి. అప్పట్లో ఆ నేల మన నేలకు అతుక్కుని ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం అవి విడిపోవడం మొదలైంది. ఆ ఎడంలోకే సముద్రం వచ్చి చేరింది.