సావుకారు కంటే ముందు సర్కారు

రైతును భూమికి యజమానిని చేసిన మన్రో, ఆ భూమి మీద తొలి హక్కు ఎవరిదో కూడా అదే ఉత్తరంలో రాసిపెట్టాడు

పన్ను చట్టం బోధించిన ఒక ఆచార్యుడి జీవితం, వారసత్వం మీద ఈ ఆదివారానికి ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు అడిగారు. న్యాయ కళాశాలల్లో ఆ కుర్చీలో కూర్చున్న పెద్దలకు కొదవలేదు. అయితే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పొలాల వైపు నుంచి చూస్తే, ఆ పాఠాన్ని ఇక్కడ మొదట చెప్పినవాడు ఏ కుర్చీలోనూ కూర్చోలేదు. అతను థామస్ మన్రో అనే సైనికుడు. బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ దగ్గర శిస్తు పని నేర్చుకుని, దత్తమండలాల్లో తన కింద పనిచేసిన సబ్‌కలెక్టర్లకు దాన్ని నేర్పాడు. వాళ్లలో రావెన్‌షా ఆ చదువుతోనే దక్షిణ ఆర్కాటుకు కలెక్టరై వెళ్లాడు. విలియం థాకరే (నవలాకారుడు థాకరేకు పెదనాన్న) రైతుతోనే నేరుగా శిస్తు లెక్క చూసుకునే రైత్వారీని సమర్థిస్తూ మద్రాసు సర్కారుకు నివేదిక రాశాడు. గురువు, శిష్యులు, పాఠ్యగ్రంథం అన్నీ ఉన్నాయి కనుక ఆచార్యుడనడానికి అడ్డేమీ లేదు. పాఠ్యగ్రంథం ఏదంటే, 1807 ఆగస్టు 15న మన్రో రాసిన ఉత్తరం. తేదీ చూసి ఎవరూ మురిసిపోనక్కర్లేదు.

చరిత్ర క్లుప్తంగా ఇదీ. మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు, 1780లో మద్రాసు సైన్యంలో చేరాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక ఏడేళ్లు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా ఉన్నాడు. దాదాపు ఎనభై మంది పాళెగాళ్లను సైన్యంతోనో, పింఛనుతోనో అణిచాడు. ఊరూరా పొలాలు కొలిపించాడు. వెళ్లేనాటికి ఏటా వచ్చే రాబడిని బాగా పెంచి చూపించాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. తర్వాత ఈ సీమలో చాలామంది తమ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. అతని దయ గురించి ఇప్పటికే చాలా రాశారు. ఆ దయ మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, అతని లెక్క మీద మాత్రం గౌరవం ఉంది. ఆ లెక్కంతా ఈ ఉత్తరంలో ఉంది.

సర్వే ప్రకారం తాను వేసిన శిస్తు పంటలో నూటికి 45 పాళ్ల దాకా పోతోందని మన్రో ఆ ఉత్తరంలో తానే ఒప్పుకున్నాడు. అందులో నాలుగో వంతు తగ్గించమని అడిగాడు. 45లో నాలుగో వంతు తీసేస్తే 33 ముప్పావు, అంటే దాదాపు మూడో వంతు. ఆ అంకె మీద అతనికి అంత పట్టు ఎందుకంటే, సర్కారు భాగం మూడో వంతు దగ్గర ఆగితే దున్నేవాడి ఖర్చులూ కూలీ పోను ఇంకా కొంత మిగులుతుంది. మిగులు ఉన్న భూమినే ఎవరైనా కొంటారు, కౌలుకు తీసుకుంటారు. సర్కారే సగం పట్టుకుపోయే భూమిని ఊరికే ఇచ్చినా తీసుకునేవాడుండడు. శిస్తు తగ్గించడమంటే రైతును కనికరించడం కాదు, భూమికి ధర పుట్టించడం. ఈ లెక్క వేసుకున్నాకే అతను తర్వాతి మాట రాశాడు: శిస్తు కడుతున్నంత కాలం రైతే భూమికి పూర్తి యజమాని, ఇష్టమైతే కౌలుకు ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఏటా చివర్లో కొంత భూమిని వదిలేయవచ్చు, కొత్తగా పట్టవచ్చు. అయితే మంచిది ఉంచుకుని చెడ్డది వదిలేస్తానంటే కుదరదు. ఈ చివరి షరతు పెట్టినవాడికి రైతు తెలివి బాగా తెలుసు.

ఉత్తరంలో అన్నిటికంటే పదునైన నిబంధన మాత్రం ఇంకొకటి. దాన్ని ఎందుకో తక్కువమంది పట్టించుకున్నారు. రైతు ఆస్తిని జప్తు చేయించాలనుకునే సావుకారు, ఆ రైతు సర్కారుకు బాకీపడ్డ శిస్తును ముందు తాను చెల్లించాలి, జప్తు మొదలుపెట్టకముందే అందుకు హామీ ఇవ్వాలి. భూమికి ధర పుడితే తాకట్టు వస్తుందనీ, తాకట్టుతో పాటు సావుకారు వస్తాడనీ మన్రో ముందే ఊహించాడు. అందుకే రైతు చేతికి హక్కు ఇస్తూనే, ఆ హక్కును ఎవరు ముందు గుంజుకోవచ్చో వరస కట్టాడు. ఆ వరసలో ముందు నిలబడింది సర్కారు, సావుకారు ఆ తర్వాత. రైతు ఎక్కడున్నాడంటే, ఇద్దరికీ చెల్లించగా మిగిలినదాని దగ్గర. ప్రొద్దుటూరు లాంటి పత్తి, నీలిమందు బేరాల ఊళ్లో ఈ నిబంధన ఎలా పనిచేస్తుందో ఊహించడం కష్టం కాదు. పంట అమ్ముడుపోకముందే కిస్తు గడువు వస్తుంది. రైతు సావుకారు దగ్గరికి వెళ్తాడు. తన కంటే ముందు సర్కారు ఉందని సావుకారుకు తెలుసు గనుక ఆ భయాన్ని కూడా వడ్డీలో కలుపుతాడు. అంటే సర్కారుకున్న మొదటి హక్కుకు కూలి చెల్లించేది రైతే. అప్పుల మీద మనవాళ్లు రాసిన కథల్లో సావుకారొక్కడే విలన్, వడ్డీ రేటు వెనక నిలబడ్డ సర్కారు జప్తు అమీనును చూసినవాళ్లు తక్కువ.

ఇందులో కొత్తేముంది, కాకతీయుల నాటి నుంచి ఏ రాజైనా తన భాగం ముందు తీసుకున్నవాడే కదా అని అడగవచ్చు. తీసుకున్నవాడే, కాదనను. కానీ రాజు భాగం ఎక్కువగా కళ్లంలో కనబడే గింజల మీద, ఊరి పెద్దల ద్వారా తేలేది. పంట పోతే భాగమూ పోయేది. మన్రో కట్టింది గింజల మీద కాదు, భూమి మీద. అదీ ఫలానా రైతు పేరున, ఫలానా కొలతకు, ఇన్ని పగోడాల నగదని. పంట పాడైందనో, మరో ఆపద వచ్చిందనో మామూలు సందర్భాల్లో శిస్తు మాఫీ ఉండకూడదని కూడా అదే ఉత్తరంలో రాశాడు. ఎవరైనా కట్టలేక చేతులెత్తేస్తే, అతని ఆస్తి, భూమి అమ్మగా తీరని బాకీని ఊళ్లో మిగతా రైతుల మీద వేయవచ్చన్నాడు, వాళ్ల శిస్తులో నూటికి పది మించకుండా. రైతుతో నేరుగా లెక్క అంటూనే పాత ఊరుమ్మడి జామీనును పూర్తిగా వదల్లేకపోయాడన్న మాట. ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో, అందులోనూ జమ్మలమడుగు రేగళ్లలో, పులివెందుల మెట్టల్లో, వానకు సంబంధం లేని నగదు శిస్తు అంటే చిన్న మార్పు కాదు. వాన రాకపోతే పడే దెబ్బ అంతకుముందు రాజుకూ రైతుకూ పంచబడేది, ఇప్పుడది మొత్తం రైతు మీద పడింది.

మాఫీ ఉండకూడదన్న నిబంధన కాగితం మీదే ఉండిపోయింది, ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీలో మాఫీలు ఇస్తూనే వచ్చారు కదా అన్న వాదన కూడా ఉంది, అది బలమైనదే. మన్రో సూచనను మద్రాసు రెవెన్యూ బోర్డు వెంటనే ఒప్పుకోలేదు కూడా. అతను వెళ్లిపోయాక ఊళ్లను మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు కౌలుకు ఇచ్చి చూశారు, కౌలుదార్లు దివాలా తీశారు. చివరికి గవర్నరై తిరిగొచ్చిన మన్రోయే 1820 తర్వాత దత్తమండలాల్లో రైత్వారీని, నాలుగో వంతు తగ్గింపును అమల్లోకి తెచ్చుకున్నాడు. మాఫీలు దొరికిన మాట నిజం. కానీ హక్కుగా దొరికిన మాఫీ వేరు, జమాబందీనాడు చెట్టు కింద కుర్చీ వేసుకున్న అధికారి కరుణిస్తే దొరికే మాఫీ వేరు. రెండోది దొరకాలంటే కరణం మంచిగా రాయాలి, రెడ్డి మంచిగా చెప్పాలి. చట్టంలో లేని ఊరట ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉంటే ఊరంతా వాళ్ల అరుగు మీదే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసేదాకా ఆ అరుగులు చెక్కుచెదరలేదు. రమేశ్ చంద్ర దత్ తన ఆర్థిక చరిత్రలో మన్రో కోరుకున్నది శాశ్వతంగా మారని శిస్తు అనీ, తర్వాతి పాలకులు ఆ మాట తప్పారనీ వాదించాడు. అది కూడా నిజమే. కాకపోతే మాట తప్పడానికి వీలు కల్పించింది అతను కట్టిన యంత్రమే. ప్రతి పొలానికీ ఒక అంకె, ప్రతి అంకెకూ ఒక పేరు ఉన్నాక దాన్ని పెంచాలంటే కొత్త సర్వే చాలు.

గొలుసు లెక్క
మన్రో సర్వేలో వాడిన గొలుసు పొడవు 33 అడుగులు. అటు 33, ఇటు 33 వేస్తే 1,089 చదరపు అడుగులు, అదొక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం, అంటే 43,560 చదరపు అడుగులు. తెలంగాణలో భూమి లెక్క ఇప్పటికీ గుంటల్లోనే. మన్రో కొలిచిన కడప సీమలో మాత్రం సెంట్లు నిలబడ్డాయి.

గండి తోరణం
పులివెందులకు దగ్గర్లో పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చే చోట గండి ఆంజనేయస్వామి గుడి ఉంది. శ్రీరాముడి కోసం వాయుదేవుడు అక్కడ కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని, పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గర పడ్డాకే అది కనబడుతుందని కథ. మన్రో అటువైపు వెళ్తూ పైన మెరిసేదేమిటని అడిగాడట, ఆ తర్వాత ఎంతో కాలం బతకలేదట. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి అతనితో మాట్లాడాడన్న కథా ఇలాంటిదే. శిస్తు వసూలు చేసినవాడికి ఇన్ని దర్శనాలు ఇప్పించిన సీమ ఇంకోటి ఉండదేమో.

ఆ ఉత్తరంలో మన్రో అన్నీ సర్కారు పక్షానే రాశాడనడం అన్యాయం. సొంత ఖర్చుతో బాగు చేసుకునే బావుల కింది భూమికీ, ఏట్లోంచి, వంకలోంచి తోడుకునే నీటితో పండే భూమికీ తగ్గింపు నాలుగో వంతు కాదు, మూడో వంతు ఉండాలన్నాడు. చిన్న చెరువుల మరమ్మతు రైతులే భరిస్తామంటే వాటికీ అంతే. రైతు చెమటతో పెరిగిన పంట మీద అదనంగా పన్ను వేయకూడదన్న ఈ సూత్రం పందొమ్మిదో శతాబ్దం నడుమకు మద్రాసు సర్కారు విధానంగా స్థిరపడింది. పులివెందుల వైపు కపిలి బావులు, ఆ తర్వాత కరెంటు మోటార్లు, ఇప్పుడు చీనీ తోటల్లోని బోర్లు, ఇవన్నీ ఎవరి పెట్టుబడి? రైతుదే. కాలువ నీటికి తీరువా ఉంది, సొంతంగా తవ్వుకున్న నీటికి లేదు. దీని ఫలితం రెండు రకాలుగా వచ్చింది. సర్కారు నీళ్లు ఇవ్వని చోట రైతు పాతాళం దాకా వెళ్లాడు. భూగర్భ జలం ఎవరిదన్న ప్రశ్నను చట్టం చాలాకాలం అడగనే లేదు. ఇంత మేలు చేసిన నిబంధనకు ఇలాంటి పర్యవసానం ఉంటుందని 1807లో ఎవరూ ఊహించలేరు, ఆ తప్పు మన్రో మీద వేయను.

మన్రో ఉత్తరం అతనితో పోలేదని చెప్పడానికి దయా దాక్షిణ్యాల కథలు అక్కర్లేదు, 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం చాలు. భూమి, దాని మీది కట్టడాలు, దాని పంట సర్కారు రాబడికి జామీను అని రెండో సెక్షన్ చెబుతుంది. శిస్తు బకాయి కింద వేలం వేసిన భూమి మీద అంతకుముందున్న తాకట్లు, భారాలు ఏవీ నిలవవని 42వ సెక్షన్ చెబుతుంది. 1807లో సావుకారును రెండో వరసలోకి నెట్టిన ఆలోచనే ఇక్కడ చట్టం భాషలో నిలబడింది. ఆ చట్టం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ అమల్లో ఉంది, శిస్తు ఊసే పోయిన కాలంలో వేరే బకాయిలను రాబట్టడానికి. ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల దాకా వస్తే, 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 82వ సెక్షన్ కూడా పన్ను బకాయి వ్యాపారి ఆస్తి మీద మొదటి భారం అనే అంటుంది, దివాలా స్మృతి కిందికి వచ్చేవి తప్ప. బ్యాంకు ముందా, పన్నుల శాఖ ముందా అన్న తగువు 2022లో రెయిన్‌బో పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గుజరాత్ వ్యాట్ చట్టం మీద నడిచిన ఆ కేసులో కోర్టు పన్నుల శాఖ పక్షాన నిలిచింది. దేశమంతా బ్యాంకులు ఉలిక్కిపడ్డాయి. కలెక్టర్ మన్రో మాత్రం ఉలిక్కిపడేవాడు కాదు.

ఆ ఉత్తరం ఇంకా పూర్తిగా పరిష్కరించని లెక్క ఒకటుంది. శిస్తు కట్టేవాడే యజమాని, అతను ఎవరికైనా కౌలుకు ఇచ్చుకోవచ్చు అన్న వాక్యంలో, కౌలుకు తీసుకున్నవాడు సర్కారుకు ఎదురుగా ఎక్కడా లేడు. లెక్క పట్టాదారుతోనే. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ఆ వరసలోనే వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కౌలు రైతుకు కార్డు ఇస్తామన్నారు. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం. భూమి చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు ఆ సంతకానికి ముందుకు రారు. సంతకం లేకపోతే కార్డు లేదు. కార్డు లేని కౌలు రైతుకు పంట రుణం బ్యాంకులో దొరకడం కష్టం, బీమా, పెట్టుబడి సాయం కూడా అంతే. పొలం దున్నేది అతను, విత్తనం కొనేది అతను, వాన తప్పితే మునిగేదీ అతనే. ఊరి సాగు లెక్క అయిన అడంగల్‌లో పేరు మాత్రం ఊళ్లో ఉన్నవాడిదో, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాడిదో. విత్తే అదనుకు అతనికి డబ్బు ఇచ్చేది సావుకారే, ఆ అప్పుకు జామీనుగా చూపించడానికి కౌలు రైతు దగ్గర భూమి కూడా లేదు.