ల్యాప్‌టాప్ మూత వేయండి, మెడ నిలబెట్టండి



ఒక ఆదివారం ఆరాధన ముగిశాక రామంతాపూర్ నుండి ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకుని మన ఆసుపత్రికి వచ్చింది. "సిస్టర్ గారూ, బాబుకు రాత్రి నుండి ఎడమ చెయ్యి లాగుతోందట. గుండె జబ్బేమోనని నాకు భయంగా ఉందండీ" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ అబ్బాయి ఉస్మానియా క్యాంపస్‌లో పరిశోధక విద్యార్థి.

డాక్టరుగారు ముందుగా బి.పి. చూసి, ఈసీజీ తీయించారు. గుండెకు ఏ లోపమూ కనబడలేదు. తరువాత మెడ పరీక్షించారు. మెడ కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. మెడ దగ్గర నరం ఒత్తుకుంటోందని చెప్పారు. "ఎలా కూర్చుని పని చేస్తావు బాబూ?" అని నేనడిగాను. మంచం మీద గోడకు ఆనుకుని, దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, రాత్రి రెండింటి దాకా థీసిస్ రాస్తున్నాడట!

ల్యాప్‌టాప్‌తో చిక్కేమిటి?

ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకు అనువుగా పెడితే తెర కిందికి పోయి మెడ వంగుతుంది. కళ్ళకు అనువుగా పైకి లేపితే చేతులు, భుజాలు నొప్పి పుడతాయి. మన తల బరువు సుమారు 5 కిలోలు. మెడ ముందుకు వంగినకొద్దీ ఆ భారం కండరాల మీద పెరుగుతూ పోతుంది. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుండి పని అలవాటైన తరువాత తార్నాక, హబ్సిగూడ గదుల్లో మంచమే ఆఫీసు అయిపోయింది.

దీనికి ఉపాయం తెరను, కీబోర్డును విడదీయడమే. ల్యాప్‌టాప్ మూత వేసి పక్కన పెట్టి, విడిగా ఒక మానిటర్, కీబోర్డు, మౌస్ తగిలించుకోవచ్చు. చిన్న బల్లకు ఇది బాగా సరిపోతుంది. కొత్తవే కొననక్కరలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సి.టి.సి. షాపుల్లో వాడిన మానిటర్ల కోసం అడిగి చూడండి. అదీ కుదరకపోతే నాలుగు లావు పుస్తకాల మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి, విడి కీబోర్డు, మౌస్ వాడినా మెడకు మేలే.

అమర్చుకునే విధానం

1. మానిటర్ కేబుల్, కీబోర్డు, మౌస్, ఛార్జర్ తగిలించండి.
2. విండోస్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరవండి. మూత వేస్తే ఏం జరగాలి అని అడిగే చోట "ప్లగ్డ్ ఇన్" వరుసలో మాత్రమే "డూ నథింగ్" ఎంచుకుని సేవ్ చేయండి. ఆపిల్ ల్యాప్‌టాప్ అయితే ఇవన్నీ తగిలించి మూత వేస్తే చాలు.
3. మానిటర్ చేతి పొడవు దూరంలో, పై అంచు కంటి ఎత్తులో ఉండాలి. రెండు చూపుల కళ్ళద్దాలు వాడేవారు ఇంకాస్త కిందికి దించుకోవాలి.
4. మోచేతులు పక్కలకు ఆనుకుని, పాదాలు నేలకు తగలాలి.
5. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. గంటకొకసారి లేచి నడవండి.

జాగ్రత్తలు

"ఆన్ బ్యాటరీ" వరుసను "స్లీప్"లోనే ఉంచండి. లేకపోతే మూత వేసి సంచిలో పెట్టినా యంత్రం నడుస్తూనే ఉండి వేడెక్కిపోతుంది. మూసిన ల్యాప్‌టాప్‌ను గట్టి బల్ల మీద, గాలి ఆడేలా పెట్టండి. పరుపు మీద పెట్టవద్దు, గుడ్డ కప్పవద్దు. మూత సరిగా పడకపోయినా, అడుగు ఉబ్బినా బ్యాటరీ చెడిందని అనుమానించాలి. వెంటనే ఛార్జింగ్ ఆపి మెకానిక్కుకు చూపించండి. దాన్ని పొడవడం, నొక్కడం చేయరాదు. రోజూ వేడి ల్యాప్‌టాప్‌ను తొడల మీద పెట్టుకునేవారికి చర్మం మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు రావచ్చు.

ఆసుపత్రికి ఎప్పుడు రావాలి?

ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసంతో చెయ్యి లాగితే "ల్యాప్‌టాప్ నొప్పే" అని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే రండి. చేతి పట్టు తగ్గినా, నడక తూలినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆలస్యం చేయకండి. తిమ్మిరి తగ్గకుండా ఉంటే డాక్టరుకు చూపించండి. మెడ విరిపించుకోవడం, మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు మింగడం మానండి.

ఆ అబ్బాయి మందులు వాడి, ఫిజియోథెరపీ వ్యాయామాలు చేసి, బల్ల మీద మానిటర్ పెట్టుకున్నాడు. కొన్ని వారాల్లో తిమ్మిరి తగ్గింది. మొన్న గుడిలో కనబడి, "బాబు ఇప్పుడు రాత్రి పదకొండుకే పడుకుంటున్నాడండీ" అని ఆ తల్లి సంతోషంగా చెప్పింది. నాకు మానిటర్ కన్న ఆ మాటే ఎక్కువ మందులా తోచింది.

మన దేహం దేవుని ఆలయమని పౌలు కొరింథీ సంఘానికి రాశాడు. ఆ ఆలయాన్ని వంగిపోనివ్వకుండా కాపాడుకుందాం. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.

- నర్సింగ్ సూపరింటెండెంట్